పంటికి తగిలినదంతా పొట్టలోకే: కుందేలు పిల్లతో నా మొదటి ఏడాది

ఎనిమిది వారాల కుందేలు పిల్ల మా ఇంటికి వచ్చే నాటికి నేను దాని కోసం పదకొండు బొమ్మలు కొని బుట్టలో సర్ది ఉంచాను. ఎండుగడ్డి మాత్రం ఒక చిన్న పొట్లమే ఉంది, అది ఏ గడ్డో కూడా నాకు తెలియదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ తరువాతి రోజుల్లో ఆ పిల్ల పడిన బాధకు మూలం అక్కడే ఉంది. బూడిద రంగు ఒళ్లు, ఒంటికి మించిన చెవులు, 700 గ్రాముల బరువు, దోసిట్లో ఒదిగిపోయేది. మా అమ్మాయి దానికి గవ్వ అని పేరు పెట్టింది. ఈ ఏడాదిలో బొమ్మల విషయంలో నేను చేసిన పొరపాట్లు, దిద్దుకున్న తీరు, వాటితో పాటు దాని పోషణ గురించి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా కుందేలు పిల్లను తెచ్చుకునేవారికి ఆ మొదటి నెల మాకు గడిచినట్టు గడవకూడదన్నదే నా కోరిక.

బుట్టలో మెత్తని రబ్బరు బంతి ఒకటి, దూది కూరి గుండీలతో కళ్లు కుట్టిన గుడ్డ బొమ్మ ఒకటి, రంగులు వేసిన చెక్క ముక్కలను తీగకు గుచ్చిన తోరణం ఒకటి, లోపల గంట మోగే బంతి, తేనెతో అతికించిన గింజల కడ్డీ, ఉప్పు దిమ్మ, పరుగెత్తే చక్రం వంటివి ఉన్నాయి. దాదాపు అన్నింటి మీదా చిన్న జంతువుల కోసమేనని రాసి ఉంది. ఆ మాటను నేను పూర్తిగా నమ్మాను. పసిపిల్లలకు బొమ్మలు కొనేటప్పుడు మనం ఏం చూస్తామో అదే చూశాను: మెత్తగా ఉందా, గుచ్చుకునే అంచులు ఉన్నాయా, రంగు ముచ్చటగా ఉందా అని. కుందేలు బొమ్మను చేత్తో పట్టుకోదని, దానికి చేయి చేసే పనంతా నోరే చేస్తుందని అప్పటికి నాకు తోచలేదు.

వచ్చిన మొదటి మూడు రోజులు గవ్వ ఆ బొమ్మల వైపు కన్నెత్తి చూడలేదు. తనను తీసుకొచ్చిన అట్టపెట్టెలోనే మూలకు ఒదిగి కూర్చునేది. మేము దగ్గరకు వెళ్తే వెనక కాలితో నేలను దబ్బున కొట్టేది. అది భయంతో చేసే హెచ్చరిక అని తరువాత తెలిసింది. కొత్త గూడు ఉండగా పాత పెట్టె ఎందుకని దాన్ని పారేయబోయాను, కాని మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ పెట్టె మిగలడం మంచిదైంది. కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాక్కోవడానికి చోటు ఉందని నమ్మకం కలిగితే తప్ప అది ఆడుకోదు, సరిగా తినదు కూడా. ఆ పెట్టెకు రెండో వైపు కూడా ఒక ద్వారం కోశాము, ఎందుకంటే ఒకే దారి ఉన్న చోటును అది ఆశ్రయంగా కాక ఉచ్చుగా భావిస్తుంది. నాలుగో రోజు సాయంత్రం గవ్వ ఆ ద్వారం అంచును కొరికి, ఊడిన అట్ట ముక్కను తల ఎగరేస్తూ పక్కకు విసిరింది. మా ఇంట్లో అది ఆడిన మొదటి ఆట అదే.

దానితో నాకు ధైర్యం వచ్చి రబ్బరు బంతిని కూడా ముందు పెట్టాను. ముక్కుతో నెట్టింది, పళ్లతో పట్టి లాగింది, మేమందరం సంబరపడ్డాము. పన్నెండో రోజు ఉదయం ఆ బంతి చేతిలోకి తీసుకుంటే ఒక పక్క చింతగింజంత ముక్క కనిపించలేదు. గూడంతా వెదికాను, దొరకలేదు. అప్పటికి గవ్వ చలాకీగానే ఉంది కాబట్టి ముక్క ఎక్కడో పడిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం అది గడ్డి దగ్గరకు రాలేదు. రాత్రికి నాలుగు కాళ్లూ పొట్ట కిందకు ముడుచుకుని, కళ్లు సగం మూసి, పళ్లు గట్టిగా నూరుతూ కూర్చుంది. ఆనందంగా ఉన్నప్పుడు కుందేలు పళ్లను మెల్లగా, దాదాపు వినపడనంత సన్నగా కదిలిస్తుంది. నొప్పితో నూరే చప్పుడు వేరు, గది అవతలికి వినిపిస్తుంది. ట్రేలో పెంటికలు మామూలు కంటే చిన్నవిగా, వంకరగా, కొద్దిగానే ఉన్నాయి. అప్పుడు భయపడి రాత్రివేళ కూడా జంతువులను చూసే వైద్యశాలకు తీసుకెళ్లాము.

పశువైద్యురాలు ముందుగా అడిగిన ప్రశ్న చివరిసారి ఎప్పుడు తిన్నదని. నేను సరిగా చెప్పలేకపోయాను. కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతే దాన్ని ఆపదగానే చూడాలని, మరుసటి రోజు దాకా వేచి చూడడం ఎప్పుడూ పనికిరాదని ఆమె చెప్పారు. ఒంటి వేడి చూస్తే 38 డిగ్రీల లోపు ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుందేలుకు అది సుమారు 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది కాబట్టి చల్లబడిన ఒళ్లు చెడ్డ గుర్తు. పొట్ట నిమిరి చూశారు, ఎక్స్‌రే తీశారు. రబ్బరు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించాలని లేదు, కాని పేగుల్లో గాలి చేరిన తీరు చూసి దారి పూర్తిగా మూసుకుపోలేదని నిర్ధారించుకున్నారు. ఆ తరువాతే నొప్పి తగ్గే మందు, చర్మం కిందకు ద్రవాలు, వెచ్చదనం ఇచ్చి, కొంత కుదుటపడ్డాక గడ్డి పొడితో చేసిన మెత్తని ఆహారాన్ని సిరంజితో కొద్దికొద్దిగా పట్టించారు.

ఆ రాత్రి ఆమె చెప్పిన ఒక మాట నా ఆలోచననే మార్చింది. కుందేలు వాంతి చేసుకోలేదు. కుక్కగానీ పిల్లిగానీ పడనిది మింగితే కక్కి బయటపడే అవకాశం ఉంటుంది. కుందేలుకు ఆ దారి లేదు, మింగినది ముందుకే వెళ్లాలి, ముందుకు వెళ్లలేకపోతే అక్కడే ఆగాలి. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. నొప్పి వల్లనో, భయం వల్లనో, పీచు తగ్గడం వల్లనో ఆ కదలిక మందగిస్తే గాలి చేరుతుంది, గాలి చేరితే నొప్పి పెరుగుతుంది, నొప్పితో తిండి మానేస్తుంది, తినకపోవడం వల్ల కదలిక ఇంకా తగ్గుతుంది. రబ్బరు ముక్కతో పాటు నేను పెట్టిన తేనె గింజల కడ్డీ, తక్కువ పడిన గడ్డి కూడా ఈ స్థితికి తోడై ఉంటాయని ఆమె చెప్పారు. కసురుకోకుండా, మెల్లగానే చెప్పారు. నాకు మాత్రం తల ఎత్తడం కష్టమైంది.

ఇంటికి తెచ్చాక రెండు గంటలకొకసారి సిరంజితో తినిపిస్తూ, ట్రేలో పరిచిన తెల్ల కాగితం మీద పెంటికల కోసం చూస్తూ కూర్చున్నాము. మరుసటి రోజు సాయంత్రానికి నాలుగు పెంటికలు పడ్డాయి. మా అమ్మాయి వాటిని లెక్కపెట్టి ఏడ్చేసింది. రెండు రోజుల తరువాత ఒక పెంటికలో ఇరుక్కుని రబ్బరు తునక కనిపించింది. మింగిన ముక్కలో అది సగం కూడా ఉండదు, మిగతాది ఎప్పుడు బయటపడిందో మేము గమనించలేదు. మా అదృష్టం కొద్దీ అది తునకలుగా నమిలి మింగింది. ఒకే ముక్కగా వెళ్లి పేగులో అడ్డుపడి ఉంటే శస్త్రచికిత్స చేయవలసి వచ్చేదని, అంత చిన్న పిల్ల దాన్ని తట్టుకోవడం కష్టమయ్యేదని వైద్యురాలు అన్నారు.

మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు బొమ్మల బుట్ట మొత్తం వెంట తీసుకెళ్లాను. ఆమె ఒక్కొక్కటే తీసి బల్ల మీద రెండు వరుసలుగా పెట్టారు. పదకొండింటిలో ఉంచుకోదగినవి రెండే తేలాయి. వాటిలో ఒకటి విల్లో అనే చెట్టు ఎండిన కొమ్మలతో అల్లిన బంతి, రెండోది ఒకదానిలో ఒకటి ఇమిడే గట్టి ప్లాస్టిక్ గిన్నెల జత, అది అసలు పసిపిల్లల బొమ్మ. జంతువుల కోసమని రాసి ఉన్నవాటిలో ఎక్కువ భాగం పారేయవలసినవి కావడం, పసిపిల్లల కోసం చేసినది నిలవడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. చిన్న జంతువులు అనే మాట కింద చిట్టెలుకలను, కుందేళ్లను ఒకే గాటన కట్టేస్తారు. కుందేలు ఎలుకల్లా మూషిక జాతికి చెందినది కాదు, జంతువుల వర్గీకరణలో దాని క్రమమే వేరు. పేగులు వేరు, వెన్ను వేరు, ఆటా వేరు. పరుగు చక్రం దాని వెన్నుకు తగదు. లోపల పెట్టి దొర్లించే పారదర్శక బంతిలో అది ఆడుకోదు, బయటపడే దారి లేక బెదిరిపోతుంది. గింజల కడ్డీలో దానికి పనికొచ్చే పీచు లేదు, చక్కెర మాత్రం ఉంది. సరైన ఆహారం తినే కుందేలుకు ఉప్పు దిమ్మ అవసరమే లేదు.

చెక్క బొమ్మల గురించి నాకున్న గట్టి నమ్మకం కూడా అక్కడే సడలింది. కుందేలు పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడానికి చెక్క ఇవ్వాలని నేను ఎక్కడెక్కడో విని ఉన్నాను. పళ్లు పెరగడం నిజమే. కుందేలుకు 28 పళ్లుంటాయి, అవన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లు వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. అయితే చెక్కను కొరికేది ముందు పళ్లతోనే. ఎక్కువగా చిక్కు తెచ్చేవి లోపలి దవడ పళ్లు, అవి మనకు బయటికి కనిపించవు. వాటిని అరగదీసేది గడ్డి. గడ్డి పోచను దవడ పక్కలకు జరుపుతూ నూరేటప్పుడు, నిమిషానికి వందకు పైగా సాగే ఆ రాపిడిలోనే దవడ పళ్లు సమంగా అరుగుతాయి. గడ్డి తగ్గి గుళికల మేత ఎక్కువైతే ఆ పళ్లకు మొనలు తేలి నాలుకను, బుగ్గను చీలుస్తాయి. అంటే ఎన్ని చెక్క బొమ్మలు పెట్టినా గడ్డి లోటు తీరదు. అప్పటి నుంచి గడ్డినే దాని మొదటి బొమ్మగా చూడడం మొదలుపెట్టాను, ఆ తరువాత ఎంచుకున్న బొమ్మల్లో సగం గడ్డిని దాచిపెట్టడానికి పనికొచ్చేవే.

ఇప్పుడు నేను ఏ వస్తువు తీసుకున్నా అది ఎలా ఉందని కాక, ఇది మొత్తం దీని పొట్టలోకి వెళ్తే ఏమవుతుందని ఆలోచిస్తాను. కుందేలుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది కాని, సరిగ్గా ముక్కు కింద ఉన్నది కనిపించదు. అక్కడున్న వస్తువు ఏమిటో మీసాలతో, పెదవులతో, పళ్లతోనే తెలుసుకుంటుంది. అందువల్ల కొరకకూడని బొమ్మ అంటూ దానికి ఉండదు. మెత్తని రబ్బరు, నురుగు స్పాంజి, పలచని ప్లాస్టిక్ ముక్కలై లోపలికి పోతాయి. గుడ్డ బొమ్మలోని దూది, తివాచీ పోగులు, దారాలు పేగుల్లో ఉండ కడతాయి. రంగులు, వార్నిష్, జిగురు ఉన్న చెక్కలో ఏం కలిసిందో మనకు తెలియదు. గట్టి ప్లాస్టిక్ గిన్నెలు పనికొచ్చాయంటే కారణం గవ్వ వాటిని కొరకకుండా విసరడమే. వాటి అంచు మీద పళ్ల గాట్లు పడడం మొదలైతే ఆ రోజే తీసేయాలని నిర్ణయించుకున్నాను. ఇదే గిన్నెలను నమిలి మింగే కుందేలు ఉంటే దానికి అవి పనికిరావు.

కొమ్మల విషయంలో ఇంకా జాగ్రత్త పడ్డాను. ఆపిల్, విల్లో కొమ్మలు కుందేళ్లకు మంచివి. పురుగుమందు చల్లని చెట్టుదని తెలిస్తేనే తీసుకుని, కడిగి, బాగా ఎండబెట్టి ఇస్తాను. చెర్రీ, పీచ్, ప్లమ్, ఆప్రికాట్ వంటి గట్టి టెంక పండ్ల చెట్ల కొమ్మల్లో సైనైడ్‌ను పుట్టించే పదార్థాలు ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. దేవదారు, పైన్ చెక్కపొట్టును మొదట్లో ట్రేలో పరిచాను. దాని ఘాటైన వాసన మనకు శుభ్రంగా అనిపిస్తుంది కాని, ఆ ఆవిరులు ఊపిరితిత్తులకు, కాలేయానికి మంచివి కావని తెలిశాక మానేసి, కాగితం గుజ్జుతో చేసిన పరుపు వాడుతున్నాను. ఏ చెట్టుదో తెలియని కొమ్మ ఎంత అందంగా ఉన్నా మా గడప దాటి లోపలికి రాదు.

ఇంత వడపోత తరువాత మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఇంట్లో వృథాగా పోయేవే. అట్టపెట్టెకు అంటించిన టేపు, పేర్ల చీటీలు, స్టేపుల్ పిన్నులు పూర్తిగా పీకి, రెండు మూడు ద్వారాలు కోసి ఇస్తే దానికి అదే కోట. కాగితం చుట్టలు అయిపోయాక మిగిలే అట్ట గొట్టంలో గడ్డి కూరి పెడితే పోచ పోచ లాగి తింటుంది, తరువాత గొట్టాన్ని పళ్లతో పట్టి ఎగరేస్తుంది. ఆ గొట్టాన్ని నిలువునా ఒక చీలిక చీల్చే ఇస్తాను, తల ఇరుక్కుంటే విడిపోవాలి కదా. ఏ బొమ్మకైనా రంధ్రం ఉంటే అది తల అసలు దూరనంత చిన్నదిగానో, ఒళ్లంతా సులువుగా దాటేంత పెద్దదిగానో ఉండాలి. నడిమి కొలతే ప్రమాదం. లోతైన పెట్టెలో మెరుపు లేని తెల్ల కాగితం చింపి నింపి, అడుగున రెండు ఆకులు దాస్తే గవ్వ ముందుకాళ్లతో అరగంట పాటు తవ్వుతుంది. అది పెద్దదవుతున్న కొద్దీ సోఫా మూలను తవ్వడం మొదలుపెట్టింది, ఈ తవ్వుడు పెట్టె వచ్చాక ఆ అలవాటు చాలావరకు తగ్గింది. తవ్వడం, కొరకడం, లాగడం, దూరడం దాని స్వభావం. వాటికి చోటు చూపించకుండా తిట్టడం అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

అట్ట కూడా హద్దులో ఉంటేనే మంచిది. చించి పారేస్తే ఆట, కూర్చుని తింటూ ఉంటే తిండి. గవ్వ ఒక వారం అట్టను తినడం గమనించి పెట్టెలు తీసేశాను. ఆ వారం గడ్డి సంచి అడుక్కు వచ్చి, పొడి మిగిలి ఉందని తరువాత తేలింది. తాజా గడ్డి రాగానే అట్ట తినడం మానేసింది. అలా బొమ్మ మీద పడిన పళ్ల గుర్తులు దాని ఆహారం గురించి కూడా చెప్తాయి. రోజూ సాయంత్రం బొమ్మలన్నీ చేతిలోకి తీసుకుని చూస్తాను, ముక్క తగ్గిందా, పుల్ల మొన తేలిందా అని. అన్నీ ఒకేసారి పెట్టను; మూడు నాలుగు ఉంచి, వారానికి ఒకసారి మారుస్తాను. దాచి తిరిగి తెచ్చిన పాత బొమ్మను అది కొత్తదానిలాగే వాసన చూసి, గడ్డం ఆనించి రుద్దుతుంది. గడ్డం కింద ఉన్న గ్రంథుల వాసన అంటించి, ఇది నాది అని చెప్పుకోవడం అన్నమాట.

ఆహారంలో రోజూ తినేదానిలో ఎనభై శాతానికి పైగా గడ్డే ఉండేలా చూస్తాను, అది ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ కావాలి కాబట్టి ఆరేడు నెలల దాకా ఆల్ఫాల్ఫా గడ్డి పెట్టవచ్చు; ఆ తరువాత కూడా అదే కొనసాగితే మూత్రంలో సున్నంలాంటి మడ్డి పేరుకుని బాధపెడుతుంది. అందుకే గవ్వకు ఆరో నెల నుంచి తిమోతి గడ్డి కొంచెం కొంచెంగా కలుపుతూ, దాదాపు నెల రోజుల్లో పూర్తిగా మార్చాను. పన్నెండు వారాలు నిండాకే ఆకుకూరలు మొదలుపెట్టాను, ఒక్కో ఆకును విడిగా, కొద్దిగా ఇచ్చి రెండు మూడు రోజులు పెంటికలు గమనించి తరువాతిదానికి వెళ్లాను. క్యారెట్ కుందేలు ఆహారమని చిన్నప్పటి నుంచి బొమ్మల్లో చూస్తాము. దానిలో చక్కెర ఎక్కువ, అందుకని అది, పండ్లు ఎప్పుడైనా వేలి గోరంత ముక్కే. నీళ్లకు సీసా కంటే బరువైన వెడల్పు గిన్నె మేలు, తల వంచి సహజంగా తాగుతుంది, ఎక్కువ తాగుతుంది.

మొదట్లో నన్ను అకారణంగా భయపెట్టినవి రెండున్నాయి. తెల్లవారుజామున ద్రాక్షగుత్తిలా అంటుకున్న మెత్తని, మెరిసే పెంటికలను గవ్వ తన ఒంటి నుంచే నేరుగా తినడం చూసి జబ్బు అనుకున్నాను. అవి అంధనాళంలో, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో, పులిసి తయారైన పోషకాల ఉండలు, వాటిని తినకపోతేనే చింతించాలి. రెండోది, ఒక రోజు మూత్రం ఎర్రగా కనిపించింది. ఆకుల్లోని రంగుల వల్ల కుందేలు మూత్రం నారింజ, ఎరుపు రంగుల్లోకి మారడం మామూలే. అయినా పరీక్ష చేయించాను, రక్తం లేదని తేలింది. సందేహం వచ్చినప్పుడు పరీక్ష చేయించడం తప్పు కాదు. ఇంట్లో ఉన్న మందు వేయడమే తప్పు. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్ మందులు కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీయగలవు, కుక్కలకు వాడే ఫిప్రోనిల్ అనే పురుగుల మందు కుందేలుకు విషం.

ఎత్తుకోవడం గురించి మా అమ్మాయికి నేర్పడమే అన్నింటికన్నా కష్టమైంది. కుందేలు ఎముకలు చాలా తేలిక, వెనక కాళ్ల కండరాలు చాలా బలమైనవి. గాలిలో ఉండగా బెదిరి తన్నుకుంటే తన వెన్నును తానే విరుచుకోగలదు. కాబట్టి మేము నేల మీద కూర్చుని, అది వచ్చి ఒళ్లో ఎక్కే దాకా వేచి ఉంటాము. తప్పనిసరై ఎత్తితే ఒక చేయి రొమ్ము కింద, ఇంకో చేయి వెనక భాగం కింద ఉంటుంది. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుందని కొందరు ముచ్చటపడతారు. అది హాయి కాదు, భయంతో కొయ్యబారిపోవడం. స్నానం చేయించము, తడిస్తే ఒళ్లు చల్లబడుతుంది, బెదురుతుంది. ఊడే బొచ్చును నాకి మింగకుండా దువ్వడమే చాలు. గది వేడి 28 డిగ్రీలు దాటే రోజుల్లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెడతాము, ఆ గుడ్డను నమలకుండా కనిపెట్టి ఉంటాము. కరెంటు తీగలన్నీ గట్టి గొట్టాల్లో వేశాము, ఎందుకంటే దాని కంటికి అవి నేలలో అడ్డొచ్చే వేళ్లు.

మగపిల్ల అనుకున్న గవ్వ ఆడదని నాలుగో నెలలో తెలిసింది; చిన్న వయసులో తేడా పోల్చడం కష్టమట. శస్త్రచికిత్స చేయించని ఆడ కుందేళ్లలో వయసు పెరిగే కొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది కాబట్టి ఆరో నెలలో గర్భాశయం తీయించాము. ఆ ఉదయం ఏమీ పెట్టకుండా తీసుకురావాలేమోనని అడిగితే, కుందేలుకు పరగడుపు అవసరం లేదని, వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ భయం లేదని, పైగా పేగులు ఆగకూడదని వైద్యురాలు చెప్పారు. పన్నెండో రోజు రాత్రి మమ్మల్ని అంతగా ఏడిపించిన విషయమే ఆ రోజు మాకు ఊరటగా మారింది. గడ్డి కూరిన అట్ట గొట్టాన్ని వెంట తీసుకెళ్లాము, మత్తు వదిలిన కొన్ని గంటలకు గవ్వ దాని నుంచే మొదటి పోచ లాగింది.

బొమ్మలు ఎన్ని ఉన్నా అవి తోటి కుందేలుకు బదులు కాలేవు. ఎనిమిదో నెలలో, శస్త్రచికిత్స అయిన ఒక మగ కుందేలును పెంచుకోవడానికి తెచ్చాము. మొదట వేరు వేరు కంచెల్లో, ఆపై బొమ్మలు మార్చి ఒకదాని వాసన మరొకదానికి అలవాటు చేస్తూ, చివరికి రెండింటికీ కొత్తదైన గదిలో కొద్ది నిమిషాల చొప్పున కలిపాము. అయిదు వారాలు పట్టింది. దానికి చిప్ప అని పేరు పెట్టాము. చిప్ప అట్టను కొరకదు, కాని గట్టి ప్లాస్టిక్ గిన్నెల అంచులు నములుతుంది. అందుకని పది నెలలుగా గవ్వకు ఏ హాని చేయని ఆ గిన్నెలను మొన్న తీసి పైన పెట్టేశాను. ఈ సాయంత్రం చూస్తే విల్లో బంతిలో ఒక పక్క పుల్లలు విరిగి మొనలు బయటికి వచ్చాయి, దాన్ని కూడా తీసేశాను. రేపటికి కొత్తది ఎండుతూ ఉంది. రెండూ ఇప్పుడు ఒకే పెట్టెలో, ఎదురెదురు ద్వారాల నుంచి తలలు బయటపెట్టి, ఒకే గడ్డి గొట్టం కోసం లాక్కుంటున్నాయి.